మష్రూ బట్ట సమీక్ష: చీటీ మీద రాయని లెక్క

మష్రూ బట్టతో పేచీ లేదు, పేచీ అంతా దాన్ని అమ్మే తీరుతోనే. పైన పట్టు మెరుపు, లోపల నూలు మెత్తదనం, ఎండాకాలంలోనూ ఒంటికి అతుక్కోని గుణం ఉన్న బట్ట ఇది. దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దీనికి చెప్పే కథ మాత్రం ఒక్కటే. ముస్లిం మగవాళ్ళు పట్టు కట్టకూడదు కాబట్టి లోపలివైపు నూలు వచ్చేలా నేశారనీ, మష్రూ అంటే ‘అనుమతి ఉన్నది’ అనీ, నవాబులు తొడుక్కున్నారనీ చెప్పి ఆ వెంటనే ధర చెబుతారు. ఆ అనుమతి దేని మీద నిలబడిందో, చేతిలో ఉన్న ముక్కకు అది వర్తిస్తుందో లేదో తేల్చే మూడు సంగతులు మాత్రం చీటీ మీద ఉండవు: పడుగు (నిలువు దారం) దేనిది, పేక (అడ్డ దారం) దేనిది, మొత్తం బరువులో పట్టు ఎంత. ధర్మం పేరు చెప్పి సరుకు అమ్మేవాళ్ళను ఆ ధర్మం వ్యాపారానికి పెట్టిన షరతులతోనే కొలవడం సబబు. ఇక్కడ బట్టనూ అమ్మకాన్నీ ఆ కొలతతోనే చూస్తున్నాం.

ముందు బట్ట సంగతి. గుజరాత్‌లో పాటన్, కచ్ జిల్లాలో మాండ్వీ చుట్టుపక్కల ఇప్పటికీ చేతిమగ్గం మీద మష్రూ నేస్తున్నారు. ఒకప్పుడు ఇది ఒట్టోమన్ రాజ్యానికీ అరబ్బు రేవులకూ ఎగుమతయ్యేది. ఇక్కడేమో రాజదర్బారుల్లో అంగీలయింది, రజాయిలకు పైబట్ట అయింది, కచ్ పశుపాలక కులాల ఆడవాళ్ళకు రవికె, ఘాగ్రా అయింది. నేసేది గుంట మగ్గం మీద, ఎక్కువగా ఎనిమిది తొక్కుడు చెక్కలతో. నేత శాటిన్ రకం. పేక దారం ఒక పడుగు పోగు మీదుగా వెళ్ళి, ఆ తర్వాత ఐదారు లేక ఏడు పోగుల కిందుగా పోతుంది. అందువల్ల పైవైపు కంటికి కనిపించేదంతా పడుగే, పేక అడుగున దాక్కుంటుంది. పడుగు పట్టు, పేక నూలు అయితే పైన పట్టు, కింద నూలు. రెండు బట్టలు అతికించినట్టు ఉంటుంది కానీ ఉన్నది ఒకటే పొర.

చారలు, ఖంజరీ అనే అలల చారలు, చుక్కలు, పడుగును కట్టి రంగు అద్దిన బాణం మొనల వరసలు దీని నమూనాలు. డిజైనంతా పడుగులోనే ఉంటుంది. రంగు మార్చాలంటే పడుగే మార్చాలి. ‘మీకు నచ్చిన రంగులో రెండు మీటర్లు నేయిస్తాం’ అని ఎవరైనా చెప్పారంటే చేతిమగ్గం కాదేమోనని ఒకసారి అనుమానించవచ్చు.

నేత దిగాక బట్టను చల్లటి నీళ్ళలో తడిపి, చెక్క సుత్తులతో కొట్టి, గోధుమపిండి గంజి పట్టించి నిగ్గు తేవడం పాత పద్ధతి. ఆ నిగ్గులో కొంత గంజిది. మొదటి ఉతుకుతో అది పోతుంది, బట్ట బరువూ కాస్త తగ్గుతుంది. కొన్నవాళ్ళు ‘మెరుపు పోయింది, మోసం’ అని గొడవపడేది ఇక్కడే. ఇది మోసం కాదు. కాకపోతే ముందే చెప్పాల్సిన మాట, ఎక్కువమంది చెప్పరు.

ఇక అనుమతి సంగతి. పట్టు, బంగారం తన సముదాయంలో మగవాళ్ళకు హరామ్ (నిషిద్ధం) అనీ, ఆడవాళ్ళకు హలాల్ (అనుమతి ఉన్నది) అనీ ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు హదీసులు, అంటే ఆయన మాటల, చేతల నివేదికలు ఉన్నాయి. దురద వల్ల ఇబ్బంది పడుతున్న ఇద్దరు సహచరులకు ఆయన పట్టు తొడుక్కోవడానికి అనుమతిచ్చారు. అంచుగా రెండు, మూడు, నాలుగు వేళ్ళ వెడల్పు వరకు పట్టు ఉండవచ్చన్నదీ హదీసే. నియమం మగవాళ్ళకే అన్న ఒక్క ముక్కతోనే మార్కెట్లో ఉన్న సగం ప్రచారం కొట్టుకుపోతుంది. ఆడవాళ్ళ చీరకు, దుపట్టాకు ‘హలాల్ సిల్క్’ అని చీటీ అంటించడంలో అర్థం లేదు. వాళ్ళకు నూటికి నూరుపాళ్ళ పట్టూ హలాలే. లేని చిక్కు చూపించి, దానికి విరుగుడుగా సరుకు అంటగట్టడం అది.

మగవాళ్ళ విషయంలో ‘పట్టు చర్మానికి తగలదు కాబట్టి ఫర్వాలేదు’ అన్నది ప్రచారంలో ఉన్న వివరణ. ఇస్లామీ న్యాయశాస్త్రమైన ఫిఖ్‌లో చర్చ ప్రధానంగా నేత మీద, బరువు మీద నడిచింది. ఫిఖ్‌లోని మజ్‌హబ్‌లలో (న్యాయ సంప్రదాయాల్లో) ఒకటైన హనఫీ పండితుల వాదన నేతగాడి వాదనలాగే ఉంటుంది: పడుగు పరిచినంత మాత్రాన బట్ట కాదు, పేక పడితేనే బట్ట. కాబట్టి తీర్పు పేకను బట్టి. పేక నూలు, పడుగు పట్టు అయితే మగవాళ్ళు తొడుక్కోవచ్చు. పేక పట్టు, పడుగు నూలు అయితే యుద్ధ సమయంలో తప్ప కూడదు. మరో మజ్‌హబ్ అయిన షాఫియీల దగ్గర లెక్క వేరు. ఏది బరువెక్కువో దాన్ని బట్టి తీర్పు. పట్టు బరువు ఎక్కువైతే కూడదు, సమానమైనా తక్కువైనా ఫర్వాలేదు.

ఈ తేడా దుకాణంలో చాలా పెద్దది. శాటిన్ నేతలో పడుగు చాలా చిక్కగా ఉంటుంది. పేక సన్నటి నూలైతే పట్టు బరువు సగం దాటడం కష్టమేమీ కాదు. అదే బట్ట హనఫీ మగవాడికి నిక్షేపంగా సరిపోతుంది, షాఫియీ మగవాడికి సరిపోదు. కేరళ తీరంలో, ఇండోనేషియా, మలేషియాల్లో షాఫియీలే ఎక్కువ. అక్కడికి మష్రూ పంపే వ్యాపారి బరువు వాటా రాయకపోతే, కొనేవాడికి అన్నిటికన్నా అవసరమైన సంగతినే దాచినట్టు.

ఆ వాటా తేల్చడం ఇంట్లోనే అవుతుంది. పది సెంటీమీటర్ల చదరపు ముక్క తీసుకుని, గంజి పోయేలా గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, పూర్తిగా ఆరనివ్వాలి. సూదితో పడుగు పోగులు ఒక కుప్ప, పేక పోగులు ఒక కుప్ప విడదీయాలి. నగల తూకంలాంటి చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ మీద విడివిడిగా తూచాలి. ఉదాహరణకు పడుగు 0.7 గ్రాములు, పేక 0.9 గ్రాములు వచ్చాయనుకుందాం. మొత్తం 1.6, పట్టు వాటా 44 శాతం దగ్గర. ఉతక్కుండా తూస్తే గంజి ఏ పోగుకు ఎంత పట్టిందో తెలియదు, లెక్క తప్పుతుంది. రెండు కుప్పలూ ఒకే గదిలో, ఒకే గాలిలో ఆరాలి. పట్టు, నూలు రెండూ తేమ పీల్చే దారాలే, కానీ ఒకే మోతాదులో పీల్చవు. అమ్మేవాళ్ళు ఒక తానుకు ఒకసారి ఈ పని చేసి చీటీ మీద రాస్తే సరిపోతుంది. అరగంట పని.

ఇంతకూ ఇప్పుడు మష్రూ పేరుతో అమ్ముడుపోయేదంతా పట్టేనా? కాదు. ఇరవయ్యో శతాబ్దంలో పట్టు ఖరీదై, రేయాన్ చవకగా వచ్చాక, గుజరాత్ మష్రూలో పడుగు చాలావరకు రేయాన్‌కు మారిపోయింది. ఇప్పుడు మార్కెట్లో మోటుగా మూడు రకాలున్నాయి. అసలు పట్టు పడుగు, నూలు పేకతో చేతిమగ్గం బట్ట ఒకటి. ఇది అరుదు, ఖరీదు. ‘మష్రూ సిల్క్’ పేరుతో వచ్చే బనారస్ చీరల్లో కొన్ని ఈ రకమే. రెండోది రేయాన్ పడుగు, నూలు పేక చేతిమగ్గం బట్ట. పాటన్, మాండ్వీ బట్టలో ఎక్కువ భాగం ఇదే. మూడోది పాలిస్టర్ లేదా విస్కోస్‌తో పవర్‌లూమ్ మీద దిగిన శాటిన్, మీద మష్రూ అన్న పేరు. మొదటి రెండూ మంచి బట్టలే. మూడోదాన్ని శాటిన్ అని అమ్మితే అభ్యంతరం లేదు.

రేయాన్ మష్రూ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రేయాన్ చెట్టు గుజ్జు నుంచి తీసిన దారం, పట్టుపురుగుతో దానికి సంబంధం లేదు. పట్టు మీద ఉన్న నిషేధం పట్టుపురుగు పట్టుకే అన్నది పండితుల్లో ఎక్కువమంది మాట. కాబట్టి రేయాన్ మష్రూ ఏ మజ్‌హబ్ మగవాడికైనా చిక్కులేని బట్ట. ఉన్నది ఉన్నట్టు ‘రేయాన్ పడుగు, నూలు పేక, చేతినేత’ అని రాస్తే మతం దృష్టితో కొనేవాళ్ళకు అదే అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ అవుతుంది. దాన్ని పట్టు అని అమ్మితే ధరలో మోసం ఒకటి, కొన్నవాడికి లేని అనుమానం తెచ్చిపెట్టడం రెండోది. నిజం చెబితే లాభం వచ్చే చోట అబద్ధం ఆడటం ఈ వ్యాపారంలో వింతల్లో వింత.

దారం తేల్చుకునే పద్ధతి పాతదే, అయితే పడుగు, పేక విడివిడిగా కాల్చాలి. కలిపి కాలిస్తే ఏమీ తెలియదు. రెండు అంగుళాల పోగు చిమటాతో పట్టుకుని స్టీలు పళ్ళెం మీద కాల్చండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే తనంతట తాను ఆరిపోతుంది, మిగిలిన నల్ల పూస వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. రేయాన్, నూలు రెండూ కాగితంలా కాలి బూడిదవుతాయి. పాలిస్టర్ కరిగి, నల్లటి పొగతో గట్టి పూస కడుతుంది, అది నలగదు. రేయానా నూలా అన్నది కాల్చి చూస్తే తేలదు. అందుకు పోగు మధ్యలో నీటిచుక్క పెట్టి లాగండి. రేయాన్ తడిస్తే బలం దాదాపు సగం పోతుంది కాబట్టి తడిచిన చోటే తెగుతుంది. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

చేతినేతా కాదా అన్నదానికి ఒక్క ఆనవాలు చాలదు. అంచుల్లో సూదిమొనల రంధ్రాలు చూపించి చేతిమగ్గం అంటారు, కానీ పవర్‌లూమ్ మీదా బట్టను వెడల్పుగా లాగి పట్టే మొనలు ఉంటాయి. పేక కొట్టుడులో అక్కడక్కడా చిన్న తేడా, అంచు పూర్తిగా తాడు గీసినట్టు లేకపోవడం, కట్టి అద్దిన నమూనాలో వరసకూ వరసకూ కొద్ది జారుడు, పన్నా (బట్ట వెడల్పు) తక్కువగా ఉండటం, ఇవన్నీ కలిసి కనిపిస్తే నమ్మవచ్చు.

ప్రభుత్వ ముద్రలు పనికొస్తాయి, వాటి పరిధి తెలిస్తే. కేంద్ర పట్టు బోర్డు ఆధ్వర్యంలో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ పట్టు అసలుదేనా అన్నది చెబుతుంది, మగ్గం గురించి చెప్పదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేతిమగ్గం మీద నేసిందా అన్నది చెబుతుంది, పట్టు ఎంత ఉందో చెప్పదు. రేయాన్ మష్రూకు హ్యాండ్లూమ్ మార్క్ ఉండటంలో తప్పేమీ లేదు. ఆ ముద్ర చూపించి ‘ప్రభుత్వం సర్టిఫై చేసిన పట్టు’ అనడమే తప్పు. పడుగు, పేక, బరువు లెక్క ఈ రెండు ముద్రల మధ్య ఖాళీలో మిగిలిపోతుంది. దాన్ని అమ్మేవాళ్ళే పూరించాలి.

ఇస్లామీ వాణిజ్య నీతిలో ఇలా దాచిపెట్టడాన్ని తద్లీస్ అంటారు. ప్రవక్త బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెబితే, ‘జనం చూసేలా ఆ తడిదాన్ని పైన ఎందుకు పెట్టలేదు? మోసం చేసేవాడు మావాడు కాడు’ అన్నారు. బట్టల వ్యాపారానికి ఇంకా దగ్గరి ఉదాహరణ హనఫీ మజ్‌హబ్‌కు మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫాది. ఆయన ఇరాక్‌లోని కూఫాలో బట్టల వర్తకుడు. లోపం ఉన్న బట్టను లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి ఇస్తే, అతను చెప్పడం మరిచి అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియకపోవడంతో వచ్చిన సొమ్మంతా అబూ హనీఫా దానం చేసేశారని ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. నేత పొరపాటు ఉన్న తానును ‘చేతిపని అందం’ అని అమ్మేవాళ్ళు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి. పేక కొట్టుడులో స్వల్ప తేడా చేతిపని గుణం. పడుగు పోగు తెగి రెండు అంగుళాల మేర కనిపించే గీత లోపం, అది చెప్పి ధర తగ్గించాల్సిందే. చెప్పకుండా అమ్మితే లోపం బయటపడిన రోజున బట్ట తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడిది. దీన్నే ఖియారుల్ ఐబ్ అంటారు.

ధరల ప్రచారానికి తక్కువ మార్కులే. ముందు రెట్టింపు ధర రాసి తర్వాత సగం కొట్టెయ్యడం, ‘ఇంకొకరు ఇప్పుడే కార్టులో వేశారు’ లాంటి ఉత్తుత్తి నోటీసులు, అద్దె కొనుగోలుదార్ల రివ్యూలు, ఇవన్నీ హదీసులు నిషేధించిన నజష్ కోవకే వస్తాయి. కొనే ఉద్దేశం లేనివాడు ధర పెంచడం నజష్. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది, అంతే. కొన్ని సంస్థలు దారం ఇంత, రంగు ఇంత, నేతకూలి ఇంత, మా లాభం ఇంత అని విడగొట్టి చూపిస్తాయి. మెచ్చుకోదగ్గ పద్ధతి, కానీ బరువైన పద్ధతి. ఖరీదు ఇంత, దాని మీద లాభం ఇంత అని చెప్పి అమ్మడాన్ని మురాబహా అంటారు. అది నమ్మకం మీద నడిచే అమ్మకం. చెప్పిన ఖరీదు తప్పని తేలితే కొన్నవాడికి హక్కులు పుట్టుకొస్తాయి. లెక్కలు పక్కాగా లేనివాళ్ళు ఖరీదు చెప్పకుండా మామూలు బేరానికి అమ్ముకోవడమే మేలు. అందులో తప్పేం లేదు.

ఆర్డరిచ్చి నేయించుకునే సేవ ఈ వ్యాపారంలో అన్నిటికన్నా బాగుండాల్సిన భాగం. గొడవలు కూడా ఇక్కడే ఎక్కువ. ఇస్లామీ చట్టంలో దీనికి రెండు దారులున్నాయి. సలమ్ అంటే మొత్తం డబ్బు ఒప్పందం రోజునే చెల్లించి, సరుకు ఫలానా తేదీకి తీసుకోవడం. ఇస్తిస్నా అంటే ఫలానా వస్తువు తయారు చేయించుకోవడం, డబ్బు విడతలుగానూ ఇవ్వచ్చు. ఇస్లామీ ఆర్థిక లావాదేవీలకు ప్రమాణాలు రాసే బహ్రెయిన్‌లోని ఆవోఫీ సంస్థ ప్రమాణాల్లో సలమ్‌ది పదోది, ఇస్తిస్నాది పదకొండోది. మష్రూకు ఇస్తిస్నాయే నప్పుతుంది. సలమ్ బజారులో దొరికే, కొలతతో చెప్పగలిగే సరుకుకు మేలు. ఒక నేతగాడి ఒక మగ్గం మీద ఒక నమూనా అంటే ఇస్తిస్నా. సలమ్ గురించి హనఫీ ఫిఖ్ చెప్పిన ఒక షరతు మాత్రం ఇక్కడ అరువు తెచ్చుకోవాలి: బట్ట అయితే పొడవు, వెడల్పు, సన్నదనం చెప్పాలి, పట్టు బట్ట అయితే బరువు కూడా చెప్పాలి. వందల ఏళ్ళ కిందటి న్యాయవేత్తలు ఆర్డరు కాగితంలో అడిగిన బరువును నేటి ఆన్‌లైన్ ఫారాలు అడగవు.

ఆర్డరు కాగితంలో ఏముండాలి? పడుగు దారం రకం, నంబరు (దారం సన్నదనం చెప్పే అంకె). పేక దారం నంబరు. అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని. మగ్గం మీద పన్నా, ఉతికి ఆరాక పన్నా, రెండూ. మీటరు బరువు, గంజి లేకుండా. రంగు నమూనా ముక్క, దానితో పోల్చేది పగటి వెలుతురులో అని. ఉతికితే రంగు దిగకూడదన్న షరతు. తేదీ, ఆలస్యమైతే ఏం చెయ్యాలన్నది. చివరిది చాలామంది మరిచిపోతారు: పడుగు ఒకసారి పరిస్తే ఎన్ని మీటర్లు దిగుతుందో, మగ్గానికి కట్టిన మొదట్లోనూ చివరా నేతకు రాని దారం ఎవరి ఖాతాలో పడుతుందో.

ఎందుకు ఇంత పట్టుదల అంటే, చెడేది సరిగ్గా ఈ చోట్లే. పేకలోని నూలు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, పడుగులోని పట్టు అంతగా ముడుచుకోదు. పన్నా తగ్గుతుంది, పైవైపు సన్నటి ముడతలు పడతాయి. ఒక విడత రంగు ఇంకో విడతతో కలవదు, ఆర్డరు మధ్యలో దారం అయిపోతే తాను మధ్యలో ఛాయ మారుతుంది. కాబట్టి మొత్తం దారానికి ఒకేసారి రంగు వేయించాలి. వానాకాలంలో పడుగుకు పెట్టిన గంజి ఆరదు, గుంట మగ్గంలో చెమ్మ చేరుతుంది, పోగులు తెగుతాయి. జూలై, ఆగస్టు తేదీలు ఒప్పుకునే వ్యాపారి తెలియక ఒప్పుకుంటున్నాడు లేదా నేతగాడి మీదికి తోసెయ్యడానికి ఒప్పుకుంటున్నాడు. చెప్పిన గుణాలతో బట్ట వస్తే ఆర్డరిచ్చినవాడు వెనక్కి తగ్గడానికి లేదు. అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ అభిప్రాయాన్ని తీసుకుని ఒట్టోమన్ల పౌర చట్ట సంహిత మెజెల్లె 392వ అధికరణలో ఇలాగే తేల్చింది. నేసిన చారల బట్టను ‘మనసు మారింది’ అని వదిలేస్తే దాన్ని ఇంకొకరు కొనకపోవచ్చు. నేతగాడి వైపు నుంచి చూస్తే ఈ తీర్పు ఎంత అవసరమో తెలుస్తుంది.

నేతగాడి దగ్గర బట్ట ఎలా కొన్నారన్నది బ్రాండ్లు దాదాపు ఎప్పుడూ చెప్పవు, ఫొటోలు మాత్రం వేస్తాయి. చూడాల్సినవి రెండే. వ్యాపారి అప్పిచ్చి, ఆ అప్పు తీరేదాకా బట్ట తనకే, తను చెప్పిన ధరకే ఇవ్వాలని షరతు పెట్టాడా? అప్పునూ అమ్మకాన్నీ ఒకదానికొకటి ముడిపెట్టడం హదీసు నిషేధించింది. ఆ తక్కువ ధరే వడ్డీకి మారువేషం. రెండోది, బజారు ధర తెలియని నేతగాడి ఇంటికే వెళ్ళి కొనెయ్యడం. బజారుకు వచ్చే బిడారును దారిలోనే ఎదుర్కొని కొనవద్దన్నారు ప్రవక్త. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి ధర చూశాక అమ్మకం రద్దు చేసుకునే హక్కు ఇచ్చారు. గ్రామానికి వెళ్ళి కొనడం తప్పని కాదు. నగరంలో ఎంతకు అమ్ముడుపోతోందో చెప్పి కొన్నారా అన్నదే ప్రశ్న. దారం వ్యాపారిదే, నేసేవాడికి మీటరు కూలి మాత్రమే అయితే అది కొనుగోలు కాదు, కూలి పని. అప్పుడు కూలి ముందే తేలి ఉండాలి, చెమట ఆరకముందే చేతికి అందాలి. ‘అమ్ముడయ్యాక ఇస్తాం’ అనడానికి వీల్లేదు.

సరుకు దుకాణంలో పెట్టి అమ్ముడయ్యాక లెక్క చూసుకునే పద్ధతిలో దుకాణం ఏజెంటు, సరుకు నేతగాడిదే. ఏజెంటు కమిషన్ ఎంతో ముందే తేలాలి. అద్దాల అలమరలో లైట్ల కింద పెట్టిన మష్రూ మడత వెంట వెలుస్తుంది. అది దుకాణం నిర్లక్ష్యం, ఆ నష్టం దుకాణానిదే. మడత పదిహేను రోజులకోసారి మార్చాలి.

వాయిదాల అమ్మకానికి అభ్యంతరం లేదు. రొక్కానికి ఒక ధర, మూడు నెలలకు ఇంకో ధర చెప్పి, కొనేవాడు అందులో ఒకటి ఎంచుకున్నాక అది మారకపోతే సరే. గడువు దాటితే ధర పెరగడం మొదలైతే అది రిబా, అంటే వడ్డీ. ‘నో కాస్ట్’ అని రాసిన కార్డు ఈఎంఐల్లోనూ బ్యాంకు వడ్డీ ఉంటుంది, ఆలస్యానికి జరిమానా ఉంటుంది. జాగ్రత్తపడేవాళ్ళు దుకాణం సొంత వాయిదాలే అడగడం మంచిది.

ఆన్‌లైన్ ఫొటోల గురించి హనఫీ ఫిఖ్‌లో అచ్చంగా ఈ బట్టకే రాసినట్టున్న సూత్రం ఒకటుంది. చూడకుండా కొన్నవాడికి చూశాక వద్దనే హక్కు ఉంటుంది. మడతపెట్టిన బట్టను పైన చూస్తే చూసినట్టే, కానీ లోపల ప్రత్యేకంగా చూడదగినది ఉంటే పైన చూస్తే చాలదు. మష్రూలో చూడాల్సిందంతా లోపలివైపే. వెనుకవైపు దగ్గరి ఫొటో, పోగులు విడదీసిన ఒక మూల, చేతి మీద వేసిన ముక్క, ఈ మూడూ లేని పేజీలో కొనకండి. రెండు అంగుళాల నమూనా ముక్క డబ్బు తీసుకునైనా పంపే దుకాణం మేలు.

ఇక వాడకం. శాటిన్ తేలే పోగులకు ఉంగరాలు, గాజులు, బ్యాగు జిప్పులు పట్టుకుంటాయి. సోఫా కవర్లకు ఈ బట్ట వద్దు. బిగుతు కుట్టు దగ్గర పోగులు జారుతాయి, కాబట్టి దర్జీని కుట్టు పక్కన కనీసం ముప్పావు అంగుళం బట్ట వదలమనాలి, చంకలో లోపలి గుడ్డ వేయించాలి. పట్టు మష్రూకు చల్లటి నీళ్ళు, గాఢం కాని సబ్బు, నీడలో ఆరబెట్టడం. రేయాన్ మష్రూను తడిగా పిండితే తెగుతుంది, తువ్వాలులో చుట్టి నీరు తీయాలి. ఇస్త్రీ వెనుకవైపు నుంచి.

మగవాళ్ళ షేర్వానీకి, అంగీకి ధరా ధర్మమూ రెండూ చూసుకునేవాళ్ళు రేయాన్ చేతిమగ్గం మష్రూ తీసుకోండి. అసలు పట్టు మష్రూ కావాలంటే బరువు వాటా రాసిచ్చే చోటే కొనండి. ఆడవాళ్ళ దుస్తులకు ఏది నచ్చితే అది, ‘హలాల్’ అన్న మాటకు అదనంగా పైసా ఇవ్వకండి. ఏది కొన్నా, కొలతలు తీసే ముందే బట్టను ఒకసారి చల్లటి నీళ్ళలో ముంచి ఆరనివ్వమని దర్జీకి చెప్పండి. పన్నా ఎంత తగ్గిందో అప్పుడు తెలుస్తుంది, ఆ లెక్కతోనే బట్ట కోయాలి.